సోటోని పంపేశాం. ఇప్పుడు ఆ డబ్బుతో ఏం చేయాలి? పాడ్రెస్ 2024 జట్టు, జీతాల చర్చ

గోధుమరంగు టోపీ | 2023 డిసెంబరు 7, రాత్రి 9:40

ఖాయమైపోయింది. మన శాన్ డియాగో బేస్‌బాల్ జట్టు పాడ్రెస్ నుంచి స్టార్ బ్యాటర్ హువాన్ సోటో, ట్రెంట్ గ్రిషమ్ ఇద్దరూ న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్లిపోయారు. మనకి ఐదుగురు వచ్చారు. పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు) మైఖేల్ కింగ్, జానీ బ్రిటో, రాండీ వాస్కెజ్, డ్రూ థోర్ప్. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) కైల్ హిగషియోకా.

మావాడికి పదకొండేళ్లు. పుట్టినరోజుకి 22 నంబరు జెర్సీ పట్టుబట్టి కొనిపించుకున్నాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి "నాన్నా, మనం గెలవలేదని ఆయన్ని పంపేశారా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. వాడు పడుకున్నాక ఇక్కడ రాస్తున్నా.

ఈ సీజన్ మొదలైనప్పుడు మన ఆటగాళ్ల జీతాల మొత్తం దాదాపు 250 మిలియన్ డాలర్లు. మెట్స్, యాంకీస్ తర్వాత మనదే. చివరికి 82 గెలుపులు, 80 ఓటములు. ప్లేఆఫ్స్ లేవు. మేనేజర్ బాబ్ మెల్విన్ అక్టోబరులో జెయింట్స్‌కి వెళ్లిపోయాడు, ఆ కుర్చీలోకి మైక్ షిల్ట్ వచ్చాడు. మన పిచ్చర్లు బ్లేక్ స్నెల్, జాష్ హేడర్, సెత్ లూగో, మైఖేల్ వాకా అందరూ ఫ్రీ ఏజెంట్లు, అంటే ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. నిక్ మార్టినెజ్ అప్పుడే సిన్సినాటికి సంతకం పెట్టేశాడు.

సోటో వెళ్లాడన్న బాధ ఉంది. అంతకంటే, మిగిలిన జట్టుని ఎలా కడతారన్న టెన్షన్ ఎక్కువగా ఉంది. మీకేమనిపిస్తోంది?

పైఅంతస్తు సీటు | డిసెంబరు 7, రాత్రి 10:15

నాకు మాత్రం మనసు విరిగిపోయింది అన్నా. పీటర్ సైడ్లర్ గారు పోయి నెల కూడా తిరగలేదు. నవంబరు 14న పోయారు, 63 ఏళ్లకి. చిన్న ఊరు, చిన్న మార్కెట్ అని అందరూ అంటుంటే, ఈ ఊరికి ఒక్కసారైనా వరల్డ్ సిరీస్ తేవాలని చేతిలో ఉన్నదంతా పెట్టిన యజమాని ఆయన. 1969 నుంచి ఉన్న జట్టు మనది. 1984లో, 1998లో ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాం, అంతే. 2017లో ఫుట్‌బాల్ జట్టు చార్జర్స్ లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాక ఈ ఊరికి మిగిలిన పెద్ద జట్టు పాడ్రెస్ ఒక్కటే.

జనం మొహం చాటేశారా అంటే అదీ లేదు. ఇంత చెత్త సీజన్లో కూడా 32 లక్షల మందికి పైగా స్టేడియానికి వచ్చారు. జట్టు చరిత్రలో అదే రికార్డు. టికెట్ కొని కూర్చున్న మాకు దక్కిన బదులు ఇదా? సోటో ఈ ఏడాది 162 మ్యాచులూ ఆడాడు. 35 హోమ్ రన్లు, 132 వాక్‌లు (పిచ్చర్ నాలుగు బంతులు బయట వేస్తే ఉచితంగా దక్కే బేస్). అలాంటివాడు 25 ఏళ్ల వయసులో ఎంతమంది ఉంటారు?

లెక్కల మాస్టారు | డిసెంబరు 8, ఉదయం 6:50

తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. సోటోని తెచ్చిన రోజు, 2022 ఆగస్టు 2న, నేనూ స్వీట్లు పంచినవాడినే. కానీ రెండు లెక్కలు విడివిడిగా చూడాలి. ఎందుకు ఓడామన్నది ఒకటి, డబ్బు ఎందుకు తగ్గుతోందన్నది ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేస్తే తప్పుడు మందు వేస్తాం.

మొదటిది. మనం చేసిన పరుగులు 752, ఇచ్చినవి 648. అంటే 104 పరుగుల మిగులు. ఇంత మిగులున్న జట్టు మామూలుగా 90కి పైనే గెలుస్తుంది. మనం ఒక్క పరుగు తేడా మ్యాచుల్లో 9 గెలిచి 23 ఓడాం. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్లినవాటిలో 2 గెలిచి 12 ఓడాం. క్రికెట్ భాషలో చెప్పాలంటే, ఆఖరి ఓవర్ దాకా వెళ్లిన మ్యాచులు చాలావరకు చేజారాయి. ఇందులో దురదృష్టం చాలా ఉంది. బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్ల గుంపు) ఆఖరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్ హేడర్‌కి ముందు వచ్చేవాళ్లు సరిపోకపోవడం, బెంచి మీద నుంచి దించడానికి మంచి బ్యాటర్ లేకపోవడం కూడా ఉన్నాయి. మెరుపు ఆటగాళ్లు నలుగురున్నారు, వాళ్ల వెనక మనుషులు లేరు. అదీ అసలు జబ్బు.

రెండోది డబ్బు. మన మ్యాచులు చూపించే టీవీ కంపెనీ దివాలా కోర్టుకెళ్లి, మే నెలాఖరులో మనకి కట్టడం మానేసింది. అది ఏటా సుమారు 60 మిలియన్లు వచ్చే ఒప్పందం. బేస్‌బాల్ మేజర్ లీగ్ ఈ ఒక్క ఏడాదికి అందులో 80 శాతం దాకా పూడుస్తామంది, ఆ తర్వాత హామీ లేదు. సెప్టెంబరులో జట్టు సుమారు 50 మిలియన్లు అప్పు తెచ్చుకుందని పత్రికల్లో వచ్చింది. దానికి తోడు లగ్జరీ ట్యాక్స్, అంటే జీతాల మొత్తం లీగ్ పెట్టిన గీత దాటితే కట్టే పన్ను. 2021, 2022, 2023 వరుసగా మూడేళ్లు గీత దాటాం కాబట్టి, దాటిన ప్రతి డాలరు మీద 50 శాతం పన్ను. గీత ఈ ఏడాది 233 మిలియన్లు, వచ్చే ఏడాది 237. ఒక్కసారి కిందికి దిగితే లెక్క మళ్లీ 20 శాతం నుంచి మొదలవుతుంది.

సోటోకి వచ్చే ఏడాది ఆర్బిట్రేషన్లో (జీతం తేల్చే మధ్యవర్తిత్వం) 30 మిలియన్లకి పైనే పడుతుంది. ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్. అతని పాత జట్టు వాషింగ్టన్ వాళ్లు 15 ఏళ్లకి 440 మిలియన్లు ఇస్తామంటేనే కాదన్నవాడు. మన దగ్గర ఉండిపోతాడని ఎవరైనా నిజంగా నమ్మారా?

ఉప్పల్ స్టాండ్స్ | డిసెంబరు 8, ఉదయం 8:05

నమస్తే అందరికీ. నేను శాన్ డియాగో వచ్చి ఏడాదిన్నర. హైదరాబాదులో సన్‌రైజర్స్ మ్యాచులకి వెళ్లేవాణ్ని, ఇక్కడ పాడ్రెస్ స్టేడియం పెట్కో పార్కుకి అలవాటు పడ్డాను. ఒక సందేహం. ఐపీఎల్‌లో ప్రతి జట్టుకీ ఒకే పర్సు, ఈసారి 100 కోట్లు. దానికి మించి ఒక్క రూపాయి ఖర్చు పెట్టడానికి లేదు. ఇక్కడ గీత ఉందంటున్నారు, దాటొచ్చంటున్నారు. దాటగలిగితే అది గీత ఎలా అవుతుంది?

పోవే అక్క | డిసెంబరు 8, ఉదయం 9:30

మంచి ప్రశ్న అడిగారు. దాన్ని గోడ అనుకోకండి, టోల్ గేటు అనుకోండి. డబ్బు కట్టి దాటిపోవచ్చు. మొదటి ఏడాది తక్కువ, వరుసగా దాటుతుంటే రేటు పెరుగుతుంది. మరీ పైకి వెళితే అదనపు సుంకాలూ ఉంటాయి.

డబ్బే కాదు, ఇంకో దెబ్బ కూడా ఉంది. మనం 20 మిలియన్ల పైచిలుకుతో ఒక్క ఏడాది ఆఫర్ ఇచ్చి, దాన్ని కాదని వెళ్లిపోయే ఆటగాడికి బదులుగా మనకి డ్రాఫ్టులో (జట్లు వరుసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) ఒక అవకాశం దొరుకుతుంది. స్నెల్, హేడర్ ఇద్దరికీ అలా ఇచ్చాం, ఇద్దరూ వద్దన్నారు. కానీ పన్ను కట్టిన జట్టు కాబట్టి మన అవకాశాలు నాలుగో రౌండు తర్వాతకి పోతాయి. ఈ ఏడాది ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన స్నెల్ పోతే మనకి మిగిలేది అదీ. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ సంగతే.

ఇంకొకటి, పన్ను లెక్కలో ఆ ఏడాది చేతికిచ్చే జీతం చూడరు, మొత్తం ఒప్పందాన్ని ఏళ్లతో భాగించి సగటు తీసుకుంటారు. మాస్టారూ, మన వాళ్ల సగటు ఒకసారి వేసి చూపిస్తారా?

లెక్కల మాస్టారు | డిసెంబరు 8, మధ్యాహ్నం 12:20

వేశానమ్మా. మచాడో 11 ఏళ్లకి 350 మిలియన్లు, అంటే ఏటా దాదాపు 32. టాటిస్ 14 ఏళ్లకి 340, అంటే 24 పైన. బోగార్ట్స్ 11 ఏళ్లకి 280, అంటే 25 పైన. మస్‌గ్రోవ్ 20. డార్విష్ 18. క్రోనెన్‌వర్త్ 7 ఏళ్లకి 80, అంటే 11 పైన. ఆరుగురికే 130 మిలియన్లు దాటింది. జట్టులో 26 మంది ఉండాలి.

మచాడో, బోగార్ట్స్ ఒప్పందాలు 2033 దాకా. అప్పటికి ఇద్దరికీ 41 ఏళ్లు. డార్విష్‌కి ఇప్పుడే 37, ఒప్పందం 2028 దాకా. వీళ్లలో ఎవరినీ ట్రేడ్ చేయలేం, అంత బరువు నెత్తిన పెట్టుకునేవాళ్లు దొరకరు. కాబట్టి కదిలించడానికి వీలున్న ఒకే ఒక్క పెద్ద జీతం సోటోది. జట్టుని కట్టే మన జనరల్ మేనేజర్ ప్రెల్లర్‌కి సోటో అంటే ఇష్టం లేక కాదు, అమ్మగలిగిన పొలం అదొక్కటే ఉంది.

పైఅంతస్తు సీటు | డిసెంబరు 8, సాయంత్రం 6:10

మాస్టారూ, ఆ ఒప్పందాలు ఇచ్చిందీ ప్రెల్లరేగా? 2014 నుంచి ఆయనే జనరల్ మేనేజర్. షార్ట్‌స్టాప్‌లో (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చోటు) హా-సాంగ్ కిమ్ ఉండగా ఇంకో షార్ట్‌స్టాప్ బోగార్ట్స్‌కి 280 ఎందుకు ఇచ్చినట్టు? కిమ్ ఈ ఏడాది ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ గెలిచాడు, బోగార్ట్స్ చోటు కోసం పక్కకి జరిగి ఆడి మరీ గెలిచాడు.

సోటో కోసం ఇచ్చినవాళ్లనీ మర్చిపోవద్దు. మెకెంజీ గోర్, సీజే అబ్రమ్స్, జేమ్స్ వుడ్, రాబర్ట్ హాసెల్, హార్లిన్ సుసానా. ఐదుగురు కుర్రాళ్లు. ఏడాదిన్నర ఆడించుకుని ఇప్పుడు వేరే కుర్రాళ్లని తెచ్చుకుంటున్నాం. ఇలా ఎన్నాళ్లు చేతులు మారుస్తూ పోతాం?

ఫ్రిస్కో అభిమాని | డిసెంబరు 8, రాత్రి 8:45

టెక్సాస్ నుంచి ఒక రేంజర్స్ అభిమానిని. నెల కిందటే వరల్డ్ సిరీస్ గెలిచాం, అందుకే మా అనుభవం చెప్పాలనిపించింది.

2021 చివర్లో మా వాళ్లు సీగర్‌కి 10 ఏళ్లకి 325, సెమియన్‌కి 7 ఏళ్లకి 175 ఇచ్చారు. తర్వాతి ఏడాది 94 మ్యాచులు ఓడాం. డబ్బంతా బూడిదలో పోశారని ఇక్కడ అందరూ తిట్టారు. మళ్లీ పిచ్చర్ డీగ్రామ్‌కి 185 ఇచ్చారు, ఆయన ఆరు మ్యాచులు వేసి ఆపరేషన్‌కి వెళ్లాడు. అయినా గెలిచామంటే, డీగ్రామ్ ఒక్కడినే నమ్ముకోలేదు కాబట్టి. ఇవాల్డీ ఉన్నాడు, జులైలో మోంట్‌గోమరీని తెచ్చారు. పెద్ద ఒప్పందాలు తప్పని నేననను. పక్కన ఐదారుగురు పిచ్చర్లు లేకుండా ఇస్తే మాత్రం తప్పే. మా మీద ఫైనల్ ఆడిన అరిజోనా మీ డివిజన్ జట్టే కదా. వాళ్లు 84 గెలిచి ప్లేఆఫ్స్‌కి వచ్చారు, మీకంటే రెండే ఎక్కువ, మీకంటే చాలా తక్కువ ఖర్చుతో. మైఖేల్ కింగ్‌ని తక్కువగా చూడకండి. సీజన్ చివర్లో యాంకీస్ వాళ్లు స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) మార్చాక చక్కగా వేశాడు.

గోధుమరంగు టోపీ | డిసెంబరు 9, ఉదయం 7:15

"రెండే ఎక్కువ" అన్నది గుచ్చుకుంది. ఆ 23 ఒక్క-పరుగు ఓటముల్లో మూడు ఇటు తిరిగి ఉంటే...

మా నాన్నగారు ఈ వేసవిలో తెనాలి నుంచి వచ్చి రెండు నెలలు ఉన్నారు. స్టేడియంలోని గ్యాలఘర్ స్క్వేర్‌లో, పాత పాడ్రెస్ స్టార్ టోనీ గ్విన్ విగ్రహం దగ్గర గడ్డి మీద దుప్పటి పరుచుకుని మ్యాచ్ చూశాం. ఆట కొత్తయినా నాలుగో ఇన్నింగ్స్‌కే ఒక మాటన్నారు. "ఒరేయ్, కొట్టేవాళ్లు బాగానే ఉన్నార్రా, ఆ విసిరేవాడు అలిసిపోతే వెనక ఎవరున్నారు?" అని. మాస్టారు లెక్క వేసి చెప్పింది ఆయన గడ్డి మీద కూర్చుని చెప్పారు.

అందుకే ఈ ట్రేడ్ తప్పని నేననను. 30 మిలియన్లు మిగిలాయి, నలుగురు పిచ్చర్లు వచ్చారు. కానీ ఆ 30నీ తిరిగి జట్టులో పెడతారా, జేబులో వేసుకుంటారా? జీతాల మొత్తాన్ని 200 మిలియన్ల దగ్గరికి దించుతారని వార్తలు. నాకు భయం అక్కడే. అవుట్‌ఫీల్డ్‌లో ఇప్పుడు చెప్పుకోదగ్గవాడు టాటిస్ ఒక్కడే.

పోవే అక్క | డిసెంబరు 9, ఉదయం 11:00

1993 సంగతి ఈ ఊరి పాతవాళ్లని అడగండి, ఇప్పటికీ పళ్లు కొరుకుతారు. అప్పటి యజమానులు ఖర్చు తగ్గించాలని స్టార్ బ్యాటర్లు గ్యారీ షెఫీల్డ్‌ని, ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్‌ని పంపేశారు. ఆ ఏడాది 101 మ్యాచులు ఓడారు. నా పక్క క్యూబికల్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, ఆ సీజన్ గురించి మాట్లాడితే గొంతు మారిపోయేది.

కానీ షెఫీల్డ్‌కి బదులు వచ్చినవాళ్లలో ఎవరికీ పెద్దగా తెలియని ఒక కుర్ర రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్) ఉన్నాడు. ట్రెవర్ హాఫ్‌మన్. 601 సేవ్‌లు (ఆఖర్లో ఆధిక్యాన్ని కాపాడి గెలిపించిన మ్యాచులు), హాల్ ఆఫ్ ఫేమ్. 1998లో జట్టు ఫైనల్‌కి వెళ్లినప్పుడు ఆఖరి ఇన్నింగ్స్ ఆయనదే.

కింగ్ అలా అవుతాడని నేను చెప్పడం లేదు. ఎవరు వెళ్లారన్నది ఈ రోజే తెలుస్తుంది, ఎవరు వచ్చారన్నది ఐదేళ్లకి గానీ తెలియదు. నా పట్టుదల ఒక్కటే. షెఫీల్డ్‌తో పాటు మెక్‌గ్రిఫ్‌ని కూడా అమ్మినట్టు, సోటోతో పాటు కిమ్‌ని కూడా అమ్మకూడదు. అతని జీతం తక్కువ, ఇంకో ఏడాది మనతో ఉంటాడు, వీలైతే ఇప్పుడే ఒప్పందం పొడిగించాలి.

ఉప్పల్ స్టాండ్స్ | డిసెంబరు 19, రాత్రి 11:30

దుబాయ్ వేలం చూశారా? ప్యాట్ కమిన్స్‌ని సన్‌రైజర్స్ 20.5 కోట్లకి కొన్నారు. పోయిన సీజన్ ఆఖరి స్థానంలో ఉన్నాం కాబట్టి ఏదో ఒకటి చేయాల్సిందే. పర్సులో అయిదో వంతు ఒక్కడికే పోయిందని ఇంట్లో అన్నయ్యతో వాదన పెట్టుకున్నా. వాదిస్తుంటే మాస్టారి ఆరుగురి లెక్క గుర్తొచ్చింది.

ఇక్కడేమో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ జపాన్ స్టార్ ఒహ్తానీకి 10 ఏళ్లకి 700 మిలియన్లు ఇచ్చారు. కారులో రెండు గంటల దూరంలో ఉన్న జట్టు. వాళ్లతో మనం ఎలా పోటీ పడతాం?

లెక్కల మాస్టారు | డిసెంబరు 20, ఉదయం 6:40

డబ్బుతో పడలేం. 2022లో 111 మ్యాచులు గెలిచిన డాడ్జర్స్‌ని ప్లేఆఫ్స్‌లో మనం ఇంటికి పంపాం. చిన్న సిరీస్‌లో మంచి పిచ్చర్లు ముగ్గురుంటే ఎవరినైనా ఓడించొచ్చు. కాబట్టి ఉన్న డబ్బంతా పిచ్చింగ్ మీద పెట్టాలి, నా మాట అదే. లూగో, వాకా ఇద్దరూ కాన్సాస్ సిటీకి వెళ్లిపోయారు. ఇద్దరూ పోవడం నాకు కష్టంగానే ఉంది, కనీసం వాకాని నిలుపుకోవాల్సింది.

గోధుమరంగు టోపీ | 2024 జనవరి 20, ఉదయం 8:00

హేడర్ హ్యూస్టన్‌కి. 5 ఏళ్లు, 95 మిలియన్లు. అంత మనం ఇవ్వలేం, ఇవ్వకూడదు కూడా. ఆ స్థానానికి జపాన్ నుంచి యుకి మత్సుయిని 5 ఏళ్లకి 28 మిలియన్లతో, కొరియా నుంచి వూ-సుక్ గోని 2 ఏళ్లకి 4.5తో తెచ్చారు. రాబర్ట్ స్వారెజ్ ఉండనే ఉన్నాడు. ఒక్క క్లోజర్ డబ్బులో సగం కూడా కాకుండా ఇద్దరు రిలీవర్లు. ఈ దారి నాకు నచ్చింది.

అవుట్‌ఫీల్డ్ మాత్రం ఇంకా అలాగే ఉంది. స్ప్రింగ్ ట్రైనింగ్‌కి (సీజన్ ముందు సాధన) నెల కూడా లేదు.

పైఅంతస్తు సీటు | ఫిబ్రవరి 17, సాయంత్రం 5:25

బోగార్ట్స్‌ని సెకండ్ బేస్‌కి మార్చారు, షార్ట్‌స్టాప్‌లో కిమ్. బోగార్ట్స్ మారు మాట లేకుండా ఒప్పుకున్నాడట. పదేళ్లు ఒకే చోట ఆడినవాడు అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, ఆయన మీద నేను అన్న మాటలు కొన్ని వెనక్కి తీసుకుంటున్నా. లెఫ్ట్ ఫీల్డ్‌కి ప్రొఫార్‌ని ఒక్క మిలియన్‌కి తెచ్చారు. సెంటర్ ఫీల్డ్‌లో 20 ఏళ్ల జాక్సన్ మెరిల్‌ని చూస్తున్నారట. ఆ కుర్రాడు డబుల్-ఏ (కింది స్థాయి లీగ్) దాటి ఆడలేదు, మొన్నటి దాకా షార్ట్‌స్టాప్.

ఒకచోట 280 మిలియన్లు, ఇంకోచోట ఒక్క మిలియన్. ఇలాంటి జట్టుని నేనెప్పుడూ చూడలేదు. భయమేస్తోంది, అయినా టికెట్లు కొన్నాను.

లెక్కల మాస్టారు | మార్చి 14, ఉదయం 6:30

డిలన్ సీజ్ వచ్చాడు! చికాగో వైట్ సాక్స్‌కి థోర్ప్, ఇరియార్టే, జవాలా, స్టీవెన్ విల్సన్‌ని ఇచ్చారు. థోర్ప్ అంటే సోటో ట్రేడ్‌లో వచ్చినవాడే. అంటే సోటోకి బదులు కింగ్, సీజ్ ఇద్దరూ మన స్టార్టర్లయినట్టు లెక్క. సీజ్ 2022లో సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానం. పోయిన ఏడాది బాగా వేయలేదు, నిజమే. జీతం 8 మిలియన్లు, రెండేళ్లు మనతో ఉంటాడు. డార్విష్, మస్‌గ్రోవ్, సీజ్, కింగ్. డిసెంబరులో రాత్రి నిద్ర పట్టనివ్వని లోటు ఇది. పన్ను గీత కిందే ఉండి మరీ పూడ్చుకున్నారు.

పోవే అక్క | మార్చి 14, ఉదయం 7:45

కిమ్‌ని అమ్మలేదు! సియోల్‌లో తన పాత సొంత మైదానం గోచోక్ డోమ్‌లో, పాడ్రెస్ జెర్సీతో డాడ్జర్స్ మీద సీజన్ మొదలుపెడతాడు. ఆ క్షణం కోసం ఎదురుచూస్తున్నా.

పైఅంతస్తు సీటు | మార్చి 14, ఉదయం 8:20

మాస్టారూ, ఈ ఒక్కసారికి మీదే పైచేయి. అయినా ఎడమచేతి బ్యాటర్ ఇంకొకడు కావాలి, ఆ మాట మీద నేను కదలను. మ్యాచ్ మన టైమ్ ప్రకారం ఎన్నింటికి?

గోధుమరంగు టోపీ | మార్చి 14, ఉదయం 8:50

మార్చి 20, తెల్లవారుజామున 3:05కి. డార్విష్ వేస్తాడు. మావాడు బడి ఉన్నా లేపాలన్నాడు, 22 జెర్సీనే వేసుకుంటాడట, వద్దనలేదు. తెనాలిలో అప్పుడు మధ్యాహ్నం 3:35. నాన్నకి వీడియో కాల్ చేసి ఫోన్ టీవీ ముందు పెడతానని చెప్పాను. మొదట అడిగింది ఒకటే: "ఈసారి వెనక ఎవరున్నార్రా?" పేర్లన్నీ చెప్పాను. రాసుకున్నారు.